బ్రోషర్‌లో 204, డైనో మీద 168. మిగతా 36 ఎటు పోయినట్టు?

డీజిల్‌బాబు: నాదీ మా తమ్ముడిదీ ఒకే మోడల్ డీజిల్ పికప్, ఆటోమేటిక్. కంపెనీ లెక్క 204 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత). నిన్న డైనో మీద, అంటే బండిని రోలర్ల మీద పరిగెత్తించి పవర్ కొలిచే మెషిన్ మీద, నాది 168 వచ్చింది. వాడు పోయిన నెల వేరే చోట చేయిస్తే 181. అప్పట్నుంచి వాడి గోల భరించలేకపోతున్నా. ఇంజన్‌లో ఏమైనా తేడా ఉందేమోనని టెన్షన్‌గా ఉంది.

గేర్‌గురువు: 204 అనేది ఫ్లైవీల్ దగ్గర, అంటే ఇంజన్ నుంచి బయటికొచ్చే చోటే, కొలిచింది. మీ డైనో కొలిచింది చక్రాల దగ్గర. మధ్యలో టార్క్ కన్వర్టర్, గేర్‌బాక్స్, డిఫరెన్షియల్, టైర్లు తలా కాస్త మింగేస్తాయి. ఆటోమేటిక్ పికప్‌కి 18 శాతం పోవడం మామూలే. ఇంతకీ రెండు చోట్లా మెషిన్ ఒకే రకమా?

డీజిల్‌బాబు: కాదండీ. నాకు రోలర్లకి బ్రేక్ లోడ్ పెట్టారు. వాడిది ఉట్టి పెద్ద డ్రమ్మేనట.

మట్టిరోడ్డు: తిరకాసు అక్కడే ఉంది. డ్రమ్ము రకంలో దాని బరువు ముందే తెలుసు కాబట్టి, అది ఎంత త్వరగా స్పీడు అందుకుందో చూసి పవర్ లెక్కగడతారు. రెండోది ఎడ్డీ కరెంట్ బ్రేకుతో (అయస్కాంత శక్తితో పట్టే బ్రేకు) బండిని పట్టి ఉంచి కొలుస్తుంది, అంకె సాధారణంగా తక్కువే చూపిస్తుంది. కానీ టర్బో డీజిల్‌కి నా ఓటు దీనికే. లోడ్ లేకపోతే టర్బో సరిగ్గా బూస్ట్ (ఇంజన్‌లోకి గాలి నెట్టే ఒత్తిడి) అందుకునేలోపే కింది ఆర్‌పీఎం దాటిపోతుంది. ఇంకోటి, మడ్ టైర్లు వేశాక నా రీడింగ్ 9 పీఎస్ పడిపోయింది. ఇంజన్ మీద చెయ్యి కూడా వెయ్యలేదు! పాత టైర్లు బిగించాక మళ్ళీ వచ్చేసింది.

గేర్‌గురువు: షీటు మూలన ఎస్‌ఏఈ అనుందా, ఎస్‌టీడీ అనుందా చూడండి. గాలి వేడిని, ఒత్తిడిని బట్టి చేసే సవరణ అది. ఎస్‌ఏఈ 25 డిగ్రీలకి లెక్కిస్తుంది, ఎస్‌టీడీ అంతకన్నా చల్లటి గాలికి. అదే రన్ ఎస్‌టీడీలో దాదాపు 4 శాతం ఎక్కువ కనిపిస్తుంది.

డీజిల్‌బాబు: వాడిది ఎస్‌టీడీ! నాది ఎస్‌ఏఈ.

ఎన్ఎం_లెక్క: అసలు పీక్ పవర్ కోసం కొట్టుకోవడం ఎందుకో నాకర్థం కాదు. ఎన్ఎంని (న్యూటన్ మీటర్లు, అంటే టార్క్) ఆర్‌పీఎంతో గుణించి 9549తో భాగిస్తే కిలోవాట్లు. 1600 దగ్గర 500 ఎన్ఎం ఉన్నా 84 కిలోవాట్లే, అంటే 114 పీఎస్. 3400 దగ్గర 421 ఎన్ఎం ఉంటే 204. బరువేసుకుని ఎత్తు ఎక్కేవాడికి 3400తో పనేముంది? 1600 నుంచి 2800 దాకా షీటులో టార్క్ గీత ఎలా ఉందో చూడండి.

గేర్‌గురువు: ఇద్దరూ ఒకే రోజు, ఒకే మెషిన్ మీద పెట్టండి. టైర్లలో గాలి సమానంగా ఉండాలి. 1:1కి దగ్గర్లో ఉన్న గేర్ లాక్ చెయ్యండి, లేకపోతే యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కగానే కిందికి దూకి రన్ పాడవుతుంది. ట్రాక్షన్ కంట్రోల్ ఆఫ్. ముందు చక్రాలు కదలకుండా వెనకవి తిరుగుతుంటే అది కంగారుపడి పవర్ కోసేస్తుంది.

డీజిల్‌బాబు: అప్‌డేట్. మొన్న ఇద్దరం వెళ్ళాం. నాది మొదటి రన్ 169, వెంటనే రెండోది 162. ఫ్యాన్ గాలి ఇంటర్‌కూలర్‌కి (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లబరిచేది) తగలట్లేదు, పైపు ముట్టుకుంటే చెయ్యి కాలింది. ఫ్యాన్ జరిపి, చల్లారనిచ్చి చేస్తే మళ్ళీ 169. తమ్ముడిది 171. కానీ 1800 దగ్గర నా గీత పైన ఉంది. వాడు తన షీటు మడిచి జేబులో పెట్టుకున్నాడు, ఫొటో అడిగితే ఇవ్వట్లేదు.