పోలో మ్యాలెట్లను విమానంలో ఏ సామాను కింద తీసుకుంటారు?

ఇంగ్లండ్‌లో పోలో సీజన్ సెప్టెంబరుతో ముగుస్తుంది. అర్జెంటీనాలో సందడంతా అప్పుడే మొదలవుతుంది కాబట్టి, నవంబరులో బ్యూనస్ ఎయిరిస్ దగ్గరి పిలార్‌కు ఆడటానికి వెళ్తున్నాను. లండన్‌లో ఎక్కి మధ్యలో ఒకచోట విమానం మారాలి. గుర్రాలు, జీనులు అక్కడే ఇస్తారు. చిక్కంతా మ్యాలెట్లతోనే, అంటే గుర్రం మీద నుంచి బంతిని కొట్టే పొడవాటి కర్రలతోనే.

నావి నాలుగు, బెత్తంతో చేసినవి, 52 అంగుళాలవి. అంటే 132 సెంటీమీటర్లు. సంచి పొడవు, వెడల్పు, ఎత్తు కలిపితే 158 సెంటీమీటర్ల మామూలు పరిమితి దాటిపోతోంది. విమాన సంస్థ క్రీడా సామగ్రి జాబితాలో గోల్ఫ్ ఉంది, స్కీలు ఉన్నాయి, చివరికి చేపల గాలం కూడా ఉంది, పోలో లేదు! ఫోన్ చేస్తే ఒకరు క్రీడా సామగ్రే అన్నారు, మరొకరు అదనపు రుసుము కట్టాల్సిన పెద్ద సామాను అన్నారు. రాసి ఇమ్మని మెయిల్ పెడితే అదే జాబితా లింకు పంపి చేతులు దులుపుకున్నారు.

అక్కడే అద్దెకు తీసుకోవచ్చు, నిజమే. కానీ బెత్తం వంగే తీరు ఏ కర్రకు ఆ కర్రదే. చేతికి అలవాటు కాని మ్యాలెట్‌తో గుర్రం పరుగులో ఉండగా కొడితే బంతి ఎటు పోతుందో తెలియదు.

గట్టి ప్లాస్టిక్ గొట్టంలో పెట్టి చూశాను, అడ్డంగా ఉండే చెక్క తలలు పట్టలేదు. స్కీల సంచిలో మాత్రం రెండు తలలు ఇటు, రెండు అటు పెడితే సరిపోయాయి.

ఇలా స్కీల సంచిలో మ్యాలెట్లు పెట్టుకుని, విమానం మారుతూ వెళ్లినవారు ఎవరైనా ఉంటే, చెక్-ఇన్ కౌంటరులో వాటిని ఏ సామాను కింద తీసుకున్నారో చెప్పగలరా?