ఆదివారం పెట్రోల్ కొట్టించకపోతే ధర దిగుతుందా?

కాకినాడ కుర్రాడు:
మా కాలనీ వాట్సాప్ గ్రూపులో నిన్నటి నుంచి ఒక మెసేజ్ తిరుగుతోంది. వచ్చే ఆదివారం దేశంలో ఎవరూ పెట్రోల్ కొట్టించకూడదట. ఒక్క రోజు బంకులన్నీ ఖాళీగా ఉంటే కంపెనీలే దిగివచ్చి ధర తగ్గిస్తాయట. నేను దాన్ని ఇంకో మూడు గ్రూపులకు పంపాను. మా మామయ్య ఫోన్ చేసి, "చదువుకున్నవాడివి, ఇవి ఎలా నమ్ముతావురా" అని కోప్పడ్డాడు.

నాకు మాత్రం ఇందులో తప్పు కనిపించడం లేదు. కొనేవాడు రాకపోతే అమ్మేవాడు ధర తగ్గించడా? మార్కెట్ యార్డులో టమాటా రైతుకు జరిగేది అదే కదా? నేను ఫుడ్ డెలివరీ చేస్తాను. బండికి రోజుకు రెండు లీటర్లు పడుతుంది. నెలకు ఆరు వేలు పెట్రోల్‌కే పోతే ఇంట్లో ఏమివ్వాలి? ఇది పనిచేయదనేవాళ్లు ఎందుకు పనిచేయదో చెప్పండి. వేరే దారి ఉంటే అదీ చెప్పండి.

హ్యూస్టన్ అన్న:
తమ్ముడూ, ఈ మెసేజ్ నాకు పాతికేళ్లుగా తెలుసు. నేను అమెరికా వచ్చిన మరుసటి ఏడు, 1999లో, మా ఆఫీసులో అందరికీ ఈమెయిల్‌లో వచ్చింది. ఏప్రిల్ 30న దేశంలో ఎవరూ గ్యాస్ కొనవద్దని దాని పిలుపు. ఇక్కడ పెట్రోల్‌ని గ్యాస్ అంటారు. నేనూ, నా రూమ్మేట్లూ ఎంతో పట్టుదలగా పాల్గొన్నాం. ముందు రోజు రాత్రి ట్యాంకులు నింపుకున్నాం, 30న కొనలేదు, రెండు రోజుల తర్వాత మళ్లీ కొన్నాం. మేం కారు నడపడం ఒక్క మైలు కూడా తగ్గలేదు. ధర కూడా కదల్లేదు.

తర్వాత తేదీ మారుతూ ఆ ఈమెయిల్ వస్తూనే ఉంది. 2007లో మే 15 అన్నారు. ఆ మరుసటి ఏడు జూన్‌లో గ్యాలన్ (సుమారు 3.8 లీటర్లు) సగటు ధర 4 డాలర్లు దాటింది. 2022 జూన్‌లో 5 డాలర్లు కూడా దాటింది.

ఇంకో రకం కూడా ఉండేది. అన్ని కంపెనీలనూ కాదు, ఎక్సాన్, మొబిల్ అనే రెండు పెద్ద బ్రాండ్లను మాత్రమే వదిలేయండి, వాళ్లు తగ్గిస్తే మిగతావాళ్లూ తగ్గిస్తారు అని. వినడానికి ఇది తెలివైన ఎత్తులా ఉంటుంది. కానీ మనమంతా పక్క బంకుకు వెళితే అక్కడ సరుకు చాలదు. అప్పుడు ఆ పక్క కంపెనీ ఎక్కడ కొంటుంది? మనం వదిలేసిన కంపెనీ రిఫైనరీలోనే. పైగా ఇక్కడి బంకుల్లో చాలావాటికి కంపెనీ యజమాని కాదు. బోర్డు పెద్ద కంపెనీదైనా, నడిపేది మనలా ఇక్కడికి వచ్చి అప్పు చేసి బంకు పెట్టుకున్నవాళ్లు. దెబ్బ వాళ్లకు తగులుతుంది.

బంకు బాబాయ్:
కాకినాడ అబ్బాయికి నా అనుభవం చెబుతాను. ఇరవై రెండేళ్లుగా గోదావరి జిల్లాల్లో బంకు నడుపుతున్నాను.

ముందు టమాటా సంగతి. సాయంత్రానికి అమ్మకపోతే అది కుళ్లిపోతుంది, అందుకే రైతు అడిగినంతకు ఇచ్చేస్తాడు. నా దగ్గర సరుకు భూమిలో ట్యాంకులో ఉంటుంది. ఆదివారం ఎవరూ రాకపోతే సోమవారం అదే సరుకు, అదే ధర. నేను చేసేదల్లా కంపెనీకి పెట్టే ఇండెంట్, అంటే సరుకు ఆర్డర్, ఒక రోజు వెనక్కి జరపడం. ట్యాంకర్ మంగళవారానికి బదులు బుధవారం వస్తుంది. ఆ ఒక్క రోజుకు రిఫైనరీలో ఏదీ ఆగదు.

నీ సంగతే ఆలోచించు. ఆదివారం నీకు ఆర్డర్లు ఎక్కువ, బండి ఇంట్లో పెట్టవు. శనివారం రాత్రే కొట్టిస్తావు. అంటే నాకు శనివారం అమ్మకం రెట్టింపు, ఆదివారం సున్నా. వారం లెక్క చూస్తే తేడా లేదు.

మేం డీలర్లమే ఈ పని చేసి చూశాం. 2022 మే 31న చాలా రాష్ట్రాల్లో డీలర్లు కంపెనీల దగ్గర సరుకు ఎత్తకుండా నిరసన తెలిపారు. 2017 నుంచి మా కమిషన్ పెంచలేదు. కరెంటు, జీతాలు, బ్యాంకు వడ్డీ అన్నీ పెరిగాయి. నేనూ ఆ రోజు ఇండెంట్ పెట్టలేదు. కానీ ముందురోజే స్టాకు దించుకున్నాను కాబట్టి నా దగ్గరికి వచ్చినవాళ్లకు తేడా తెలియలేదు, కంపెనీకీ తెలియలేదు. కమిషన్ పెంచింది 2024 అక్టోబర్ ఆఖరులో. అదీ లీటరు పెట్రోల్ మీద పైసల్లోనే. కొనేవాళ్లకన్నా ఎంతో ఐకమత్యం ఉన్న మా పరిస్థితే ఇది.

ఇక ఒకే కంపెనీని వదిలేద్దామన్న మాట. మన దేశంలో బంకుల్లో పదింట తొమ్మిది ఇండియన్ ఆయిల్, భారత్, హెచ్‌పీలవే. మూడూ ప్రభుత్వానివే. మూడింటి ధరా పైసల తేడాతో ఒకటే. ఒకరి డిపోలో సరుకు లేకపోతే ఇంకొకరి డిపో నుంచి తెచ్చుకునే ఏర్పాటు కూడా వాళ్ల మధ్య ఉంది. అలాంటప్పుడు ఎవరిని వదిలేసి ఎవరి దగ్గరికి వెళతావు?

కాకినాడ కుర్రాడు:
బాబాయ్, ఒక్క రోజు చాలదని ఒప్పుకుంటున్నాను. అయితే నెలల తరబడి చేస్తే? రాత్రి కూర్చుని వెతికాను. మొరాకోలో 2018 ఏప్రిల్ 20 నుంచి జనం మూడు బ్రాండ్లను వదిలేశారు. ఒకటి డానోన్ వాళ్ల పాలు, ఒకటి సీసా నీళ్లు, ఒకటి ఆఫ్రికియా పెట్రోల్ బంకులు. నాయకుడు లేడు, పార్టీ లేదు, అంతా ఫేస్‌బుక్‌లోనే. ఒక మంత్రి ఆ జనాన్ని తిట్టినా వాళ్లు వెనక్కి తగ్గలేదు. చివరికి డానోన్ అధిపతే ఫ్రాన్స్ నుంచి దిగివచ్చి, సెప్టెంబర్‌లో పాల ధర తగ్గిస్తామని ప్రకటించాడు. దీనికేమంటారు?

రిటైర్డ్ మాస్టారు:
బాబూ, మంచి ఉదాహరణ తెచ్చావు. కానీ సగంలో ఆపేశావు. తగ్గింది పాల ధర. పెట్రోల్ సంగతేమైంది? ఆఫ్రికియా యజమాని అజీజ్ అఖన్నూష్ అప్పుడు వ్యవసాయ మంత్రి. 2021 ఎన్నికల తర్వాత ఆయనే ప్రధానమంత్రి అయ్యాడు. పాలు ఒకటి రెండు రోజుల్లో విరిగిపోతాయి, డెయిరీ రోజూ పోయించుకోక తప్పదు, ఆ దెబ్బ తట్టుకోలేకపోయింది. ఇజ్రాయెల్‌లో 2011లో జనం ఇలాగే ఒక రకం మెత్తని జున్ను కొనడం మానేస్తే ధర వెంటనే దిగింది. అదీ పాల సరుకే. బంకు బాబాయ్ చెప్పిన టమాటా మాట ఇక్కడ కూడా సరిపోతుంది.

అయినా ఆ మొరాకో జనం చేసింది వృథా అనను. పెట్రోల్ కంపెనీలు ఎంత లాభం వేసుకుంటున్నాయన్న ప్రశ్న ఆ దేశంలో ఆ తర్వాత సద్దుమణగలేదు. 2023 నవంబర్‌లో తొమ్మిది ఇంధన కంపెనీలు, వ్యాపారంలో కుమ్మక్కు జరగకుండా చూసే అక్కడి పోటీ మండలితో రాజీపడి 184 కోట్ల దిర్హమ్‌లు కట్టడానికి ఒప్పుకున్నాయి. అయిదేళ్లు పట్టింది.

బ్రిటన్ సంగతి కూడా తెలుసుకో. 2000 ఆగస్టులో అక్కడ ఇలాగే బంకులకు వెళ్లవద్దని పిలుపు ఇచ్చారు. అప్పుడు అక్కడ లీటరు ధరలో దాదాపు నాలుగింట మూడు వంతులు పన్నులే. ఆ పిలుపును పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. తర్వాతి నెలలో రైతులు, లారీలవాళ్లు వెళ్లి రిఫైనరీల గేట్ల దగ్గర కూర్చున్నారు. వారం తిరగకముందే దేశంలో ఎక్కువ బంకులు ఎండిపోయాయి. ఒత్తిడికి లొంగబోమన్న ప్రభుత్వమే నవంబర్‌లో పన్ను కొంత తగ్గిస్తామని ప్రకటించింది.

అదే ఆగస్టులో మన హైదరాబాద్‌లో ఏం జరిగిందో నా వయసువాళ్లు మరిచిపోలేదు. కరెంటు ఛార్జీలు తగ్గించమని వెళ్లిన జనం మీద 28వ తేదీన బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగాయి, ముగ్గురు చనిపోయారు. ఆ రోజు నేను అక్కడికి దగ్గర్లోనే ఉన్నాను. ఇప్పటికీ తలుచుకుంటే మనసు బాగుండదు. అలాంటిది మళ్లీ రావాలని నేను ఎన్నడూ కోరను. కానీ 2004లో రైతులకు ఉచిత కరెంటు ఫైలు మీద మొదటి రోజే సంతకం పడిందంటే, జనం కరెంటు వాడకం మానేసినందుకు కాదు. ఓటు వేసేటప్పుడు గుర్తుపెట్టుకున్నందుకు.

స్కూటీ అక్క, హైదరాబాద్:
మాస్టారూ, ఇన్ని దేశాలు అక్కర్లేదు. 2020 ఏప్రిల్ గుర్తు చేసుకోండి. లాక్‌డౌన్‌లో దేశమంతా ఇంట్లో కూర్చుంది. ఏ వాట్సాప్ పిలుపుకూ అంత స్పందన రాదు. మన దేశం కొనే ముడి చమురు ఆ నెలలో సగటున బ్యారెల్ 20 డాలర్ల లోపే పలికింది. అమెరికాలో ఒక రోజు ధర సున్నా కన్నా కిందికి పోయింది, కొన్నవాడికే ఎదురు డబ్బు ఇచ్చే పరిస్థితి వచ్చింది. మన దగ్గర ఏమైంది? మే 5న కేంద్రం ఎక్సైజ్ సుంకాన్ని పెట్రోల్ మీద 10 రూపాయలు, డీజిల్ మీద 13 రూపాయలు పెంచింది. తగ్గిన ధరంతా పన్నులోకి వెళ్లిపోయింది. జూన్ 7 నుంచి బంకు ధర కూడా రోజూ పెరగడం మొదలైంది. అప్పుడు మా ఆయనకు సగం జీతమే వచ్చేది, ఆ మీటరు చూస్తే నాకు ఏడుపు వచ్చేది.

కాబట్టి నా మాట ఇది. మనం వాడకం తగ్గిస్తే ముడి చమురు తగ్గుతుందేమో. కానీ ఆ తగ్గింపు మన జేబుకు రావాలంటే మధ్యలో ఇద్దరు ఉన్నారు, ఢిల్లీ ఒకటి, రాష్ట్రం ఒకటి. మా తెలంగాణలో పెట్రోల్ మీద రాష్ట్రం వేసే పన్ను, అంటే వ్యాట్, 35.2 శాతం.

నా వరకు నేను ఆడవాళ్లకు మహాలక్ష్మి ఉచిత బస్సు వచ్చాక స్కూటీ వారానికి నాలుగు రోజులు బయటికి తీయడం లేదు. ధర తగ్గలేదు, నా ఖర్చు తగ్గింది. ఆడవాళ్లకు ఆ వీలుంది. డెలివరీ చేసే తమ్ముడికి లేదు, అది నాకు తెలుసు.

హ్యూస్టన్ అన్న:
అక్క చెప్పింది చాలా ముఖ్యం. అదే 2020 ఏప్రిల్‌లో ఇక్కడ గ్యాలన్ 2 డాలర్ల కిందికి వచ్చింది. ముడి చమురు పడితే ఇక్కడి బంకులో కనిపిస్తుంది. అంటే వాడకం నిజంగా తగ్గితే ధర తగ్గే మాట వాస్తవమే. కానీ అంత తగ్గడానికి ప్రపంచం మొత్తం వారాల తరబడి ఆగిపోవాల్సి వచ్చింది.

హిందూపురం లారీ:
మీరంతా అడుగుతున్న బాయ్‌కాట్ మేం ఏళ్లుగా చేస్తున్నాం. మా లారీలు ఆంధ్రలో డీజిల్ కొట్టించవు. సరిహద్దు దాటి కర్ణాటకలో ట్యాంకు నింపుకుని వస్తాం, మూడు వందల లీటర్లకు పైనే పడుతుంది. నేనొక్కణ్ణే కాదు, సరిహద్దులో ఉన్న ప్రతి లారీ ఓనరూ ఇంతే. కాకినాడవాళ్లకు యానాం ఎలాగో మాకు గౌరీబిదనూరు అలాగ.

2021 నవంబర్‌లో కేంద్రం సుంకం తగ్గించినప్పుడు కర్ణాటక కూడా తన పన్ను లీటరుకు 7 రూపాయలు తగ్గించింది. ఆంధ్ర తగ్గించలేదు, తెలంగాణా తగ్గించలేదు. సరిహద్దులో మన బంకులు ఈగలు తోలుకున్నాయి. రాష్ట్రానికి రావాల్సిన పన్ను పక్క రాష్ట్రానికి పోయింది. ఇంతకన్నా గట్టి బాయ్‌కాట్ ఏముంటుంది? అయినా మన ప్రభుత్వాలు మారాయి కానీ పన్ను మారలేదు. చివరికి ఏమైందంటే, కర్ణాటకే 2024 జూన్‌లో ఒకసారి, 2025 ఏప్రిల్‌లో ఇంకోసారి డీజిల్ పన్ను పెంచింది. తేడా తగ్గింది, మా కిరాయి మాత్రం పెరగలేదు.

బంకు బాబాయ్:
హిందూపురం తమ్ముడి మాట నా గుండెకు తగిలింది. యానాం వైపు మా డీలర్ల పరిస్థితీ అదే. అక్కడ పెట్రోల్ మనకన్నా లీటరుకు పది రూపాయలకు పైగా తక్కువ.

ధర ఎప్పుడు తగ్గిందో నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే అప్పుడు నష్టపోయింది మేమే. 2021 నవంబర్ 3, దీపావళి ముందు రోజు రాత్రి, కేంద్రం పెట్రోల్ మీద 5, డీజిల్ మీద 10 తగ్గించింది. నా ట్యాంకుల్లో పాత సుంకం కట్టిన సరుకు నిండుగా ఉంది. తెల్లారేసరికి లక్షకు పైగా పోయింది. అంతకు ముందు రోజే దేశంలో ఉప ఎన్నికల ఫలితాలు వచ్చాయి. ఆ తర్వాత ఉత్తరప్రదేశ్ ఎన్నికలు అయ్యేదాకా నాలుగు నెలలకు పైగా ధర కదల్లేదు. ముడి చమురు మండిపోతున్నా కదల్లేదు. ఫలితాలు వచ్చాక 2022 మార్చి 22 నుంచి రెండు వారాల్లో 10 రూపాయలు పెంచారు. కాగితం మీద ధర రోజూ మారాలి, ఆ పద్ధతిని 2017లో మొదట పరీక్షించిన అయిదు ఊళ్లలో మన విశాఖ ఒకటి. బోర్డు మీద అంకెలు మార్చేవాణ్ణి నేనే కదా, అవి దేన్ని చూసి కదులుతాయో నాకు తెలుసు.

కాకినాడ కుర్రాడు:
అందరికీ నమస్కారం. రెండు రోజులు ఇదే ఆలోచించాను. ఆదివారం మెసేజ్ మూడు గ్రూపుల్లోనూ వెనక్కి తీసుకున్నాను. కానీ ఒక మాట మీద నిలబడతాను. జనం కలిసి ఏమీ చేయలేరని మాత్రం ఒప్పుకోను. మొరాకోలో అయిదేళ్లు పట్టినా లెక్క అడిగారు. మనం అసలు లెక్కే అడగడం లేదు. మా రైడర్లు నలభై మందిని అడిగితే, లీటరులో పన్ను ఎంతో ఒక్కరికీ తెలియదు. కోపమంతా బంకులో పైపు పట్టుకున్న కుర్రాడి మీదే.

బాబాయ్, మన రాష్ట్రం లెక్క ఒకసారి రాసి ఇస్తారా? ఆ పాత మెసేజ్ పంపిన గ్రూపులకే ఇది పంపుతాను. మా ఎమ్మెల్యే ఆఫీసుకు కూడా రైడర్లందరి సంతకాలతో తీసుకువెళతాం.

బంకు బాబాయ్:
రాసుకో. కేంద్ర ఎక్సైజ్ 2025 ఏప్రిల్ పెంపుతో లీటరు పెట్రోల్‌కు 21 రూపాయల 90 పైసలు అయింది. ఆ సుంకం కలిసిన ధర మీద రాష్ట్రం వ్యాట్ 31 శాతం, అంటే పన్ను మీద కూడా పన్నే. ఆ పైన లీటరుకు 4 రూపాయలు అదనపు వ్యాట్, ఇంకో రూపాయి రోడ్డు సెస్సు. ఆ 2025 లెక్కన అన్నీ కలిపితే లీటరుకు 50 రూపాయలకు కాస్త అటూ ఇటూ. ఎమ్మెల్యే దగ్గర 31 శాతం జోలికి వెళ్లకండి, ఖజానా ఖాళీ అంటారు. ఆ 4 రూపాయల గురించి అడగండి. సంతకాల కాగితం మా బంకులో కూడా పెడతాను, పంపించు.

హిందూపురం లారీ:
డీజిల్ లెక్క కూడా అందులో కలపండి బాబాయ్. వ్యాట్ 22.25 శాతం, మిగతా 4 రూపాయలు, రూపాయి సెస్సు దానికీ ఉన్నాయి. కాగితం ఇటు పంపితే మా లారీ ఓనర్ల సంతకాలు నేను పెట్టిస్తాను.