లొరెట్టా లిన్ పుట్టిల్లు చూసొచ్చినవాళ్లెవరైనా ఉన్నారా?

నమస్కారమండీ. మేం నాష్‌విల్‌లో ఉంటున్నాం. సింగరేణిలో బొగ్గుబావి దిగి రిటైరైన నాన్న వచ్చే నెల ఇక్కడికి వస్తున్నారు. ఆయన్ని కెంటకీ కొండల్లోని బుచర్ హాలోకి తీసుకెళ్లాలని నా కోరిక. కంట్రీ గాయని లొరెట్టా లిన్ 1932లో పుట్టింది అక్కడే, ఒక గని కార్మికుడి ఇంట్లో.

పదిహేనేళ్లకే పెళ్లయి వాషింగ్టన్ రాష్ట్రం వెళ్లిపోయింది. పిల్లల్ని పెంచుకుంటూ, భర్త కొనిచ్చిన గిటార్‌తో సొంతంగా పాటలు కట్టింది. 1960లో తొలి రికార్డు వచ్చాక ఇద్దరూ దాన్ని కార్లో వేసుకుని రేడియో స్టేషన్ల చుట్టూ తిరిగారు. గర్భనిరోధక మాత్ర మీద పాడిన పాటను 1975లో చాలా స్టేషన్లు వేయనే లేదు. ఎంత ధైర్యం ఆవిడది!

1970లో వచ్చిన ఆవిడ పాట ‘కోల్ మైనర్స్ డాటర్’ (గని కార్మికుడి కూతురు) వింటే మాత్రం నాకు మా క్వార్టర్సే గుర్తొస్తాయి. ఆ పాటలో ఎండాకాలం పిల్లల కాళ్లకు చెప్పులు, బూట్లు ఏమీ ఉండవు. చలికాలానికి పందిని అమ్మిన డబ్బుతో కొత్త బూట్లు. నాన్నకి ఇంగ్లీషు పెద్దగా రాదు, ఈ పాట తెలుగులో చెప్తే కళ్లు తుడుచుకున్నారు.

ఆ ఇంటి దాకా మామూలు కారు వెళ్తుందా? ఆయనకి మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కువా? లోపల చూపించేవాళ్లతో ముందే మాట్లాడుకోవాలా? అంత దూరం కష్టమైతే, మాకు దగ్గర్లో హరికేన్ మిల్స్‌లో ఉన్న ఆవిడ మ్యూజియంలో గని జీవితం కనిపిస్తుందా? వెళ్లొచ్చినవాళ్లు దయచేసి చెప్పండి.