గేల ఆరోగ్యం గురించి తెలుగులో రాయాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టను?

గోదారిగట్టు:
నమస్తే అండీ. నాకు 32. రాజమండ్రిలో ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్ని. గేని. మా చెల్లికి తప్ప ఇంట్లో ఎవరికీ తెలీదు.

పోయిన నెల ఒక కుర్రాడు అరచేతుల్లో ఎర్రమచ్చలతో వచ్చాడు. వేడి చేసిందనుకుని మూడు వారాలు సబ్జా నీళ్లు, మజ్జిగ తాగాడట. సిఫిలిస్ ఉందేమో చూసే రక్తపరీక్ష, వీడీఆర్‌ఎల్, రియాక్టివ్ వచ్చింది, అంటే ఉండొచ్చని. "అన్నా, దీని గురించి తెలుగులో చదవడానికి ఏమన్నా ఉందా?" అనడిగాడు. ఆ రాత్రి కూర్చుని వెతికాను. మనలాంటి వాళ్ల కోసం రాసింది ఒక్కటీ దొరకలేదు. ఉన్నదంతా "సుఖవ్యాధులకు గ్యారంటీ వైద్యం" అనే గోడమీది ప్రకటనల బాపతే.

అందుకే నేనే రాద్దామనుకుంటున్నా. రెండు పేరాలు రాస్తే పేపర్లో "స్వలింగ సంపర్కులు" అని వేస్తారే, ఆ భాష వచ్చింది. మార్చి రాస్తే బూతయింది. పైగా నేను డాక్టర్ని కాను. రాయొచ్చా అసలు?

ఫీల్డువర్కర్, గుంటూరు:
తమ్ముడూ, నేను పదకొండేళ్లుగా ఇదే పనిలో ఉన్నా. మొదట్లో పార్కులో కరపత్రాలు పంచేవాణ్ని. మర్నాడు చూస్తే పల్లీల పొట్లాలు అయ్యుండేవి.

ఒకటి చెప్తా విను. మనవాళ్లు కండోమ్ వేసుకుంటారు, జారడానికి పైన కొబ్బరినూనె రాస్తారు. ఇంట్లో ఎవరూ అనుమానపడని సీసా అదొక్కటే మరి. నూనె తగిలితే లేటెక్స్ నిమిషాల్లో బలం పోయి చిరుగుతుంది. రాసిచ్చినా ఎవడూ నమ్మలేదు. ఓ సాయంత్రం కండోమ్‌ని బుడగలా ఊది ముడేసి, నూనె రాసి వాళ్ల చేతికే ఇచ్చా. మాట్లాడుతుండగానే టప్పున పేలింది. తర్వాతి కరపత్రంలో "కొబ్బరినూనె తలకే, దానికి నీళ్ల జెల్" అని ఒక్కముక్కే వేశా. అది మాత్రం పొట్లం కాలేదు.

భాష సంగతి. "గే" అని రాస్తే పార్కుకొచ్చే తాపీమేస్త్రీ అది తన గురించి అనుకోడు, పెళ్లయి ఇద్దరు పిల్లలున్నవాడు. "పంథీ" అంటావా, అది అలాంటి మగాళ్లకి మేం పెట్టుకున్న పేరు, వాడు తనని అలా అనుకోడు. "మగాళ్లతో పడుకునే మగాళ్లు" అని రాసెయ్. బూతేం కాదు.

చర్మవైద్యుడు:
గోదారిగట్టు గారూ, ముందు ఒక మాట. ఊరు, నెల, అరచేతి మచ్చలు, మజ్జిగ... ఆ అబ్బాయి ఇది చదివితే తన గురించేనని ఇట్టే తెలిసిపోతుంది. ఒకరి హెచ్‌ఐవీ స్థితిని వాళ్ల ఒప్పుకోలు లేకుండా బయటపెట్టకూడదని 2017 చట్టంలో ఉంది, 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. ఇది సిఫిలిస్ కావచ్చు, కానీ మనం పాటించాల్సిన మర్యాద అదే.

డాక్టర్ కాకపోతేనేం? 1983లో న్యూయార్క్‌లో, ఎయిడ్స్‌కి కారణమేంటో ఇంకా తేలకముందే, మైకేల్ కాలెన్, రిచర్డ్ బెర్కొవిట్జ్ అనే ఇద్దరు గే రోగులు 40 పేజీల చిన్న పుస్తకం రాశారు, కండోమ్ వాడమని. శాస్త్రం సంగతులు వాళ్ల డాక్టర్ జోసెఫ్ సోనబెండ్ చూసిపెట్టాడు. మీరు రాయండి, నేను చూసిపెడతా. మందుల మోతాదులు మాత్రం మీరు వేయొద్దు.

ఇంకోటి. హెచ్‌ఐవీ సోకే ప్రమాదం జరిగాక అది అంటకుండా వేసుకునే పెప్ మాత్రలు 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి అని అందరూ రాస్తారు. భయంలో ఉన్నవాడు గంటలు లెక్కపెట్టలేడు. "శనివారం రాత్రి జరిగితే మంగళవారం రాత్రి ఆఖరు, ఆదివారం పొద్దున్నే వెళ్తే మరీ మంచిది" అని రాయండి.

హాస్టల్‌రూమ్:
అన్నా, నాకు 21, హైదరాబాద్‌లో బీటెక్. మొదటిసారి హెచ్‌ఐవీ టెస్టుకి ఒక ఆస్పత్రికి వెళ్తే, కౌంటర్లో ఆవిడ "హెచ్‌ఐవీ టెస్టా?" అని వరండా అంతా వినబడేలా అడిగింది. అటునుంచటే వెనక్కొచ్చేశా. మళ్లీ ఎనిమిది నెలలు అటు వెళ్లలేదు. ఆ తర్వాత ప్రభుత్వ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేస్తే, ప్రభుత్వాస్పత్రిలో హెచ్‌ఐవీ కౌన్సెలింగ్‌కీ టెస్టుకీ ఐసీటీసీ అని గది ఉంటుంది, నేరుగా అక్కడికే వెళ్లు, టెస్టు ఫ్రీ అన్నారు. లోపల కౌన్సెలర్ తలుపేసి మరీ మాట్లాడాడు. నాకు వైరస్ ఎలా పనిచేస్తుందో అక్కర్లేదన్నా. ఏ గది, ఏం అడుగుతారు, రిపోర్టు ఎవరి చేతికిస్తారు, అది రాయి చాలు.

గోదారిగట్టు:
డాక్టర్ గారూ, సిగ్గుగా ఉంది. నా పోస్టు మార్చడానికి రావట్లేదు, అడ్మిన్‌కి మెసేజ్ పెట్టా.

ఇది చూడండి:
"అరచేతుల్లో, అరికాళ్లలో మచ్చలొచ్చాయా? దురద కూడా లేదా? అది వేడి కాకపోవచ్చు. మజ్జిగ తాగితే తగ్గాయని సంబరపడకు, తాగకపోయినా తగ్గుతాయి. జబ్బు మాత్రం లోపలే ఉంటుంది. వెళ్లి రక్తపరీక్ష చేయించుకో."

చర్మవైద్యుడు:
బాగుంది. రియాక్టివ్ వస్తే టీపీహెచ్‌ఏ అనే ఇంకో రక్తపరీక్షతో ఖాయం చేసుకోవాలని, తొలిదశలో పెన్సిలిన్ ఇంజెక్షన్‌తో నయమవుతుందని కలపండి. నయమవుతుందనే మాట పైనే పెట్టండి.

ఫీల్డువర్కర్, గుంటూరు:
రక్తపరీక్ష అని వదిలేయకు తమ్ముడూ, వీడీఆర్‌ఎల్ అని పేరు రాయి. లేకపోతే షుగర్ చూసి పంపించేస్తారు.

గోదారిగట్టు:
హహ, రోజూ చూసేదే! మార్చా.