లుకింగ్ ఫార్వర్డ్ టు: ఆ ‘టు’ ఏ విభక్తి? (మాట్లాడేవారి పేర్ల బదులు వారు ఉండే విశాఖ పేటల పేర్లు)

పెదవాల్తేరు: మా అమ్మాయి ఉద్యోగానికి ఉత్తరం రాస్తూ చివర ‘లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యూ’ అని పెట్టింది. ‘మీటింగ్ యూ’ అని దిద్దాను. ఎందుకని అడిగింది. మా హైస్కూలు మాస్టారు తెలుగులో ఒక మాట చెప్పేవారు. ‘ఈ టు క్రియకు చుట్టం కాదు...’ అని మొదలవుతుంది. మిగతా సగం రెండు రోజులుగా నాలుక చివరే ఉంది. ఎవరైనా విన్నారా?

మద్దిలపాలెం: వినలేదు గానీ మీరు దిద్దింది సరే. టు తరవాత ‘ఇట్’ పెట్టి చూడమనండి. ‘లుకింగ్ ఫార్వర్డ్ టు ఇట్’ నిలబడుతుంది, ‘వాంట్ టు ఇట్’ నిలబడదు. నిలబడిన చోట నామవాచకమో, ఇంగ్ రూపమో రావాలి. మన ‘కలవడం’లో ‘డం’ లాంటిదే ఆ ఇంగ్.

సీతమ్మధార: అంతకంటే పెద్ద తప్పు ‘లుకింగ్ ఫార్వర్డ్ ఫర్ యువర్ రిప్లై’. 30 ఏళ్లుగా దిద్దుతున్నాను. ‘మీ జవాబు కోసం’ అని మనసులో అనుకుంటారు, ఆ ‘కోసం’ కాస్తా ఫర్ అయిపోతుంది. కొఱకున్ కై చతుర్థి! టు అంటే మన ‘కు’. బాలవ్యాకరణం రాసిన చిన్నయసూరి కిన్, కున్‌లను షష్ఠిలో పెట్టారు. కాబట్టి ఈ టు షష్ఠి.

మద్దిలపాలెం: అక్కడ ఒప్పుకోను మాస్టారూ. ‘రాముడికి పుస్తకం ఇచ్చాను’లో ‘కి’ సంస్కృతం లెక్కన చతుర్థే.

లాసన్స్ బే: విభక్తి సరే, ‘ఎదురుచూడటం’ అన్న అర్థమే నాకు అనుమానం. రక్తపరీక్ష రిపోర్టు కోసం టెన్షన్‌గా ఎదురుచూస్తాం, దానికి లుకింగ్ ఫార్వర్డ్ అనం. ఇందులో ఇష్టం ఉంది. ‘ఎప్పుడెప్పుడా అని ఉంది’ అంటే దగ్గరగా వస్తుంది. ఇలాంటివి ఎస్. రాయవరంలో పుట్టిన మన గురజాడ వారిని అడగాలి. మొదట ఇంగ్లీషులోనే కవిత్వం రాశారు. తెలుగులో రాయమని కలకత్తా నుంచి పత్రికా సంపాదకుడు శంభుచంద్ర ముఖర్జీ ప్రోత్సహించారు.

సీతమ్మధార: అందుకే మనకు గురజాడ వారి ముత్యాల సరం ఛందస్సు దక్కింది. ఆ నడక పైకి చదివితేనే తెలుస్తుంది. మూడు నాలుగు, మూడు నాలుగు, మొదటి మూడు పాదాలకు తలా 14 మాత్రలు. నాలుగో పాదం దగ్గర ఊపిరి తీసుకోనిస్తుంది.

పెదవాల్తేరు: అందరికీ నమస్కారం. ఉత్తరం ‘టు మీటింగ్ యూ’ అనే వెళ్లింది. మాస్టారి మాటలో విభక్తి ఉన్నట్టే గుర్తొస్తోంది. ‘విభక్తికి తోబుట్టువు’ అన్నారో, ‘విభక్తికి మేనల్లుడు’ అన్నారో...

మద్దిలపాలెం: మేనల్లుడే అయి ఉంటుందండీ. చతుర్థికి.