పాత డెస్క్‌టాప్‌లో పెన్‌డ్రైవ్ బూట్ కావడం లేదు
విజయవాడలో నాన్నగారి కొట్లో బిల్లులు కొట్టే కోర్ 2 డ్యుయో డెస్క్‌టాప్‌లో లినక్స్ మింట్ 22 ఆపరేటింగ్ సిస్టమ్ వేయాలి. 4 జీబీ ర్యామ్, కంప్యూటర్‌ను మొదట లేపే ప్రోగ్రామ్ కొత్త రకం యూఈఎఫ్‌ఐ కాదు, పాత బయోస్. డీవీడీ డ్రైవ్ ఎప్పుడో పోయింది.

బూట్ పెన్‌డ్రైవ్‌లు తయారుచేసే రూఫస్‌లో ఎంబీఆర్ (పాత బయోస్‌కు సరిపోయే డిస్క్ విభజన పద్ధతి), ఫ్యాట్32 ఫైల్ సిస్టమ్ పెట్టి 16 జీబీ పెన్‌డ్రైవ్ తయారుచేశాను. బూట్ మెనూలో దాని పేరు కనిపిస్తుంది. ఎంటర్ కొట్టగానే నల్ల తెర మీద ఎడమ మూల ఒక గీత మిణుకుమిణుకుమంటూ ఉండిపోతుంది. అరగంట ఆగినా అంతే, ఎర్రర్ మెసేజ్ అయినా రాదు.

ఐఎస్ఓ (మింట్ ఇన్‌స్టాల్ ఫైల్) షా-256 చెక్‌సమ్ సరిపోయింది, అంటే ఫైల్ పాడవలేదు. ఐఎస్ఓను ఉన్నదున్నట్టు కాపీ చేసే డీడీ మోడ్‌లో మళ్లీ రాశాను, వెనక పోర్టుకు మార్చాను, బయోస్‌లో యూఎస్‌బీ ఎమ్యులేషన్‌ను (పెన్‌డ్రైవ్‌ను ఏ రకం డ్రైవ్‌గా చూడాలో చెప్పే సెట్టింగ్) ఆటో నుంచి హార్డ్ డిస్క్‌కి మార్చాను. ఫలితం లేదు. అదే పెన్‌డ్రైవ్ మా బావగారి ల్యాప్‌టాప్‌లో శుభ్రంగా బూట్ అవుతోంది, కాబట్టి దాన్ని అనుమానించడం లేదు.

ఇలా గీత దగ్గరే ఆగిపోయిన పాత బయోస్ సిస్టమ్‌ను మీలో ఎవరైనా ఏ సెట్టింగ్‌తో పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయించగలిగారు?