ఉత్తరం దొరికింది, దానితో వచ్చిన ఫోటోలు ఎక్కడ?

బహ్రెయిన్‌లో 1932లో చమురు పడిన తర్వాతి ఏళ్ళ ఫోటోల కోసం బ్రిటిష్ లైబ్రరీ పాత రికార్డులు ఆన్‌లైన్‌లో దొరికే ఖతార్ డిజిటల్ లైబ్రరీలో, అప్పటి బ్రిటిష్ ప్రభుత్వ బహ్రెయిన్ ఏజెన్సీ ఫైళ్ళు (ఇండియా ఆఫీస్ రికార్డ్స్, నంబరు ఐఓఆర్/ఆర్/15/2) చూస్తున్నాను. ఒక టైపు ఉత్తరం అడుగున ‘జతపరిచినవి: 3 ఫోటోలు’ అని ఉంది, మూలన తుప్పుపట్టిన గుండుసూది మరక కూడా కనిపిస్తోంది, ఫోటోలు మాత్రం లేవు. ముందూ వెనకా 20 ఫోలియోలు (నంబరు వేసిన కాగితాలు) రెండు వైపులా తిప్పాను, ఉత్తరం నంబరుతో, తేదీతో వెతికాను, పై ఆఫీసుకి వెళ్ళిన కాపీ దొరుకుతుందేమోనని ఇరాన్‌లోని బుషహర్‌లో ఉన్న బ్రిటిష్ రెసిడెన్సీ ఫైళ్ళు, అంటే ఆర్/15/1 కూడా చూశాను. క్యాప్షన్ లేని ఫోటోకి టెక్స్ట్ సెర్చ్ ఎలాగూ పనికిరాదు. ఇలాంటి ఫోటోలను ఫైలు నుంచి విడదీసి బ్రిటిష్ లైబ్రరీలో వేరే నంబరు కింద పెట్టి ఉంటే, పాత ఫైలు నంబరు పట్టుకుని ఆ కొత్త నంబరు కనుక్కోవడం ఎలా?